దేవుడికి వేషం లేని నాటకం

ఆబిడ్స్‌లో మా ఆడపిల్లల బడి స్టాఫ్ రూములో ఒక ఈతచాప ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టగానే దాన్ని కిటికీ కింద పరిచి నలుగురం కూర్చుని డబ్బాలు విప్పేవాళ్లం. కుర్చీలు లేక కాదు. కుర్చీల్లో కూర్చుంటే ఒకరి డబ్బాలోకి ఇంకొకరి చేయి అందదు. అయితే ఎవరి డబ్బాలో ఎవరు చేయి పెట్టవచ్చు, ఎవరు పెట్టకూడదు అనేదానికి ఆ చాప మీద పెద్ద ధర్మశాస్త్రమే నడిచేది. అది వంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది.

మాది కృష్ణా జిల్లా. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు సెక్రటేరియట్ గుమాస్తా అయిన మా ఆయన వెంట నేనూ వచ్చి, నాంపల్లి స్టేషను వెనక రెండు గదుల కిరాయింట్లో దిగాను. తెలుగు టీచరు ఉద్యోగం తొందరగానే దొరికింది గానీ మనుషులు దొరకలేదు. నేను నోరు విప్పగానే కూరగాయలామె "ఆంధ్రోళ్లా?" అని ఎగాదిగా చూసేది. ఇరుగుపొరుగు నాతో మాట్లాడేది నీళ్ల పంపు దగ్గరే, అదీ బిందె జరపమని. ఆ రోజుల్లో నేను నవ్వినా, కబుర్లాడినా, కష్టం చెప్పుకున్నా ఆ చాప మీదే. అది లేకపోతే ఈ ఊళ్లో నాకెవరూ లేరు. అలాంటి చాపను నేనే చేజేతులా పాడుచేసుకోబోయాను, అదే ఈ కథ.

చాప మీది ముగ్గురి గురించి చెప్పాలి. ఉర్దూ టీచరును అందరం ఆపా అనేవాళ్లం. జనగామ పక్క పల్లెలో పుట్టిన మనిషి. ఉర్దూలో ఎంత మర్యాదగా మాట్లాడేదో తెలుగులో అంత కమ్మగా తిట్టేది. వయసులో మా అందరికీ పెద్ద. ఇంగ్లీషూ పాటలూ చెప్పే మెదక్ ఆవిడ మాకు అక్క. వాళ్ల నాన్న పాదిరి. బడి హార్మోనియాన్ని ఆమె తప్ప ఎవరూ ముట్టకూడదు. కుట్టుపని నేర్పే ఆవిడ తాయి. ఆమె యూదురాలు. కొంకణ తీరం నుంచి వచ్చిన మరాఠీ యూదులు వాళ్లు, భర్తకు రైల్వేలో ఉద్యోగం. యూదులు ఇంకా భూమ్మీద ఉన్నారనీ, వాళ్లలో మంగళసూత్రం వేసుకుని, మరాఠీ పద్ధతిలో గోచీ పోసి చీర కట్టే ఆడవాళ్లు ఉంటారనీ, గోంగూర పచ్చడి అడిగి మరీ వేయించుకుంటారనీ నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక ధర్మశాస్త్రం. ఆపాకు పంది నిషిద్ధం, తక్కిన మాంసం అల్లా పేరు తలచి కోసినదై ఉండాలి. తాయికీ పంది నిషిద్ధమే, కోతకు వాళ్ల పద్ధతి వాళ్లకుంది. పైగా పొలుసు లేని చేప కుదరదు, మాంసం తిన్న పూట పెరుగు ముట్టదు. భర్త స్వయంగా వాళ్ల పద్ధతిలో కోడిని కోసిన వారం తప్ప ఆమె డబ్బాలో కూరగాయలే. అక్కకు ఏ అడ్డూ లేదు. తిండిని బట్టి మనిషికి మైల రాదని వాళ్ల ప్రభువు చెప్పాడట. అందుకని ధీమాగా అన్ని డబ్బాలూ చుట్టబెట్టేది. కాకపోతే తినే ముందు కళ్లు మూసుకుని ఎంతసేపు ప్రార్థించేదంటే, ఆపాకు ఓపిక చచ్చేది.

"నీ ప్రభువు ఎప్పుడో విన్నడు గని, ఇగ తినవే. సల్లగైతుంది" అనేది.

నేను శాకాహారిని కాబట్టి నా డబ్బా అందరికీ చెల్లేది. అది నా గొప్పే అనుకుని తెగ మురిసిపోయాను, రోజూ నాకే పచ్చడి మిగలడం లేదని గ్రహించేదాకా.

ఉపవాసాల దగ్గర మాత్రం నా పరువు పోయింది. రంజాన్‌లో ఆపా తెల్లవారుజాము నుంచి పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు. తాయికి ఏడాదికొక పెద్ద ఉపవాసం, పాపాలు కడుక్కునే రోజు. ఒక సాయంత్రం నుంచి మర్నాటి రాత్రి దాకా ఆమెకూ చుక్క నీళ్లుండవు. అక్కావాళ్లు ఉపవాసమున్నా శుభ్రంగా తల దువ్వుకుని, ఉన్నట్టు ఎవరికీ తెలియనివ్వరు. మరి మీదెట్లా అని అడిగితే, ఏకాదశినాడు మేం అన్నం తినమని గర్వంగా చెప్పాను.

"అన్నం గాకపోతే ఏం తింటరు?" అంది ఆపా.

"పళ్లు, పాలు. మా ఇంట్లో అయితే కాస్త ఉప్మా."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఉప్మా తినుకుంట ఉపాసమా! గీ ఉపాసం మాకు జెప్పకపోతివేందే ఇన్నొద్దులు!" అని ఆపా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆనాటి నుంచి నేను సన్నగా కనిపిస్తే చాలు, ఏకాదశి చేస్తున్నావా అని అడిగేవాళ్లు.

వారాల లెక్క ఇంకో తమాషా. ఆపాకు శుక్రవారం, తాయికి శనివారం, అక్కకు ఆదివారం. బడికి సెలవు ఆదివారమే కాబట్టి అక్క అదృష్టవంతురాలు. శనివారం ఒంటిపూట బడికి తాయి వచ్చేది గానీ సూది పట్టేది కాదు. పిల్లలు కుడుతుంటే కథలు చెప్పేది. పైగా ఆమె శనివారం శుక్రవారం సాయంత్రం దీపం వెలిగించగానే మొదలవుతుందని విని నేను వింతపడితే, "మాకు గూడ గంతేనే. పొద్దు గూకిందంటే కొత్త దినం" అంది ఆపా. నాకు సూర్యోదయంతో రోజు మొదలు, అక్కకు అర్ధరాత్రి గంట కొడితే. మూడు వేళలకు తెల్లవారే నలుగురు మనుషులం ఒకే గంటకు డబ్బాలు విప్పేవాళ్లం.

రంజాన్ నెలలో కూడా ఆపా చాప మీదికి రావడం మానలేదు. తినకపోయినా తన చోట్లో కూర్చుని, ఎవరు ఏం తక్కువ తిన్నారో పర్యవేక్షించేది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

బడి వార్షికోత్సవం దగ్గర పడింది. మా హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి, ఈసారి నాటకం నువ్వే రాయాలి, అన్ని మతాల తల్లిదండ్రులూ మెచ్చుకునేలా ఉండాలి అంది. ఎగిరి గంతేశాను. మా నాన్నకు నాటకాల పిచ్చి. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని చూసిన నాటకాల్లో దేవుళ్లు కిరీటాలు పెట్టుకుని, పద్యం పాడుకుంటూ తెర చీల్చుకుని వచ్చేవాళ్లు. విషయం కూడా క్షణంలో తట్టింది. ఈ మూడు మతాల వాళ్లూ ఒకే ముసలాయనను తమ మూలపురుషుడు అంటారని చాప మీదే విన్నాను. ఆపా ఇబ్రహీం అంటుంది, తక్కిన ఇద్దరూ అబ్రహాము అంటారు. కొడుకును బలి ఇమ్మని దేవుడు ఆయనను పరీక్షిస్తాడు. ఆయన కత్తి ఎత్తుతాడు. ఆఖరి క్షణంలో దేవుడు ఆపి, పిల్లవాడి బదులు పొట్టేలును చూపిస్తాడు. ఇంతకన్నా ఏం కావాలి? ముగ్గురి కథా ఒక్కటే, నా ముగ్గురు నేస్తాలూ మెచ్చుకుంటారు. వారంలో రాసి పారేశాను.

చాప మీద చదివి వినిపించాను. ముసలాయనకు జనపనార గడ్డం. పిల్లవాడికి పట్టు లాల్చీ. కొండ మీద ఉరుము, మెరుపు. అట్టముక్కల మేఘం తొలగి, కిరీటంతో, చేతిలో శంఖంతో, చిరునవ్వుతో దేవుడు ప్రత్యక్షం.

తాయి నమలడం ఆపేసింది. "దేవుడికి శంఖమా?" అని మెల్లగా అడిగింది.

"నచ్చకపోతే చక్రం పెడదాం" అన్నాను, అదేదో ఆమె సందేహమైనట్టు.

"దేవుడు కనపడడు. బొమ్మ చెయ్యకూడదు, వేషం వెయ్యకూడదు. ఆయన పేరే మేం పైకి అనం" అంది తాయి. ఆమె కోపంగా అనలేదు, నా మీద జాలితో అంది.

 ఆపా డబ్బా మూత పెట్టింది. "దేవుని సంగతి అట్లుంచు. నబీకి వేషం కడ్తవా? పదో క్లాసు పోరికి గడ్డం అంటువెట్టి, గీమెనే ఇబ్రహీం నబీ అని సూపిస్తవా? ఏంది నీ లెక్క?"

ప్రవక్తల బొమ్మ వేయకూడదు, వేషం కట్టకూడదు అని వాళ్లకు ఎంత పట్టింపో నాకు నిజంగా తెలియదు. దేవుణ్ణి రంగస్థలం మీద చూసి దండం పెట్టుకునే ఊరి నుంచి వచ్చినదాన్ని. మాకు వేషం కట్టడం భక్తి. ఆమెకు అది అవమానం. నేనేదో సర్దిచెప్పబోయేలోగా అక్క మధ్యలోకి వచ్చి, "అంత పట్టింపెందుకు ఆపా, మేం ప్రతి క్రిస్మసుకు పసిబాలునికే వేషం కడ్తం గద" అంది మంచి మనసుతో. దానితో మంట ఇంకాస్త ఎగిసింది.

"అది మీది. ఇది మాది గూడ" అంది ఆపా. లేవబోతూ, "ఏ కొడుకని రాసినవ్?" అని అడిగింది.

"చిన్న కొడుకు" అన్నాను. నేను కథ విన్నది అక్క దగ్గర.

"పెద్ద కొడుకు" అంది ఆపా.

ముసలాయనకు ఇద్దరు భార్యలు, ఒక్కొక్కరికి ఒక్కొక్క కొడుకు. అక్కావాళ్లకూ తాయీవాళ్లకూ కొండ మీదికి వెళ్లింది చిన్నవాడు. ముసల్మానుల నమ్మకం ప్రకారం పెద్దవాడు. అక్క రుజువు చూపిస్తానని తన సంచీలోంచి పుస్తకం తీయబోయింది. తాయి ఆమె చేయి పట్టుకుని ఆపింది, కానీ ఆపా చూడనే చూసింది. డబ్బా తీసుకుని, ఎదుటి గోడ దగ్గర కుర్చీలో, మావైపు వీపు పెట్టి కూర్చుంది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. రంజాన్ ఉపవాసంలో కూడా చాప విడవని మనిషి! మిగిలిన ముగ్గురం ఎవరి డబ్బా వాళ్లు తలదించుకుని తిన్నాం. అక్క ప్రార్థన ఎంతసేపు చేసినా తొందరపెట్టేవాళ్లు లేరు. నా పచ్చడి నాకే మిగిలింది. ఇంటికి వెళ్లి ఏడ్చాను. మా ఆయన "నాటకం మానెయ్, పీడా పోతుంది" అన్నాడు. మానేస్తానని హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళితే, ఆహ్వానాలు వెళ్లిపోయాయి, కుదరదంది.

దేవుణ్ణి తీసేశాను. ముసలాయనను తీసేశాను. ఏ కొడుకో తేలదు కాబట్టి కొడుకునూ తీసేశాను. ఇక మిగిలింది తల్లి. పిల్లవాడికి ప్రాణం మీదికి వస్తే తల్లి ఏడవకుండా తెలుగు నాటకం ముందుకు కదలదు గనక ఆమెకు రెండు పేజీల శోకం రాసి ఉంచాను. అప్పుడు తోచింది, అసలు ఆ రోజు తల్లి ఎక్కడుంది?

తాయిని అడిగాను. కొడుకును ఎక్కడికి తీసుకువెళ్లారో తెలిసి తల్లి గుండె ఆగి చనిపోయిందని వాళ్ల పెద్దలు చెబుతారంది. అక్కను అడిగితే తన పుస్తకం తిరగేసింది. "ఆ దినం తల్లి మాటే లేదు మా దాంట్ల. మా ప్రభువు తల్లి తర్వాత వస్తది. కొడుకు వెంబడి సిలువ దాక పోయి, కిందనే నిలబడ్డది" అంది. ఇక ఆపాను అడగాలి. పలకని మనిషిని ఎలా అడగడం? రెండు రోజులు జంకి, చివరికి జామపళ్లు కొనుక్కుని నాంపల్లి దర్గా వెనక ఆమె ఇంటికి వెళ్లాను.

తలుపు తీసి, మొహం మాడ్చుకునే, "రా" అంది. తిట్టడం వేరు, గడప దగ్గర నిలబెట్టడం వేరు ఆపాకు. చాయ్ పెట్టింది. వంటింటి గూట్లో తెల్లటి పళ్లెం ఒకటి, దాని మీద రుమాలు కప్పి ఉంది. ఎవరైనా రావాలా అని అడిగాను.

"మా పోరడు" అంది. "కరాచీ పోయిండు, వాళ్ల చిన్నాయనతోని. యాడాది నిండకముందే వస్తనన్నడు. ఇప్పుడు రానిస్తలేరు. ఎన్నడొస్తడో ఏమో, వస్తే పళ్లెం తయారుండాలె గద."

ఇన్నాళ్లూ చాప మీద నా అత్తగారి గురించి, నీళ్ల పంపు గురించి చెప్పుకుంటూ పోయానే గానీ, ఆమెకు ఒక కొడుకున్నాడని నాకు తెలియదు.  చాయ్ తాగి, మీ దాంట్లో ఆ రోజు తల్లి ఏం చేసింది ఆపా అని అడిగాను.

"సైతాన్ వచ్చి ఆమె చెవుల ఊదిండు. నీ మొగడు నీ కొడుకును కొయ్యనీకె తీస్కపోతుండు, ఆపుకో అన్నడు. అల్లా హుకుమైతే నాకేం ఫికర్ లేదు పో అన్నది ఆమె." ఆపా కప్పు కింద పెట్టింది. "గంత పెద్ద తల్లి ఆమె. నేనైతే గట్ల అనలేనే. సచ్చినా అనలేను."

ఒకామె చనిపోయింది, ఒకామె వెంటవెళ్లింది, ఒకామె చలించలేదు. మూడు మతాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చాప మీద కన్నా ఆ వంటింట్లో నాకు బాగా అర్థమైంది. ముగ్గురికీ దేవుడు ఒక్కడే, ఆయన మాటకు తలవంచాల్సిందే. ఆ తలవంచడంలో తల్లి పడే బాధను మాత్రం ఎవరి లెక్కలో వాళ్లు చెప్పుకున్నారు.

"ఆపా, ఎవరినీ చూపించను. ఒక ఇల్లు, ఒక తల్లి, కొడుకు కోసం ఎదురుచూస్తుంటుంది. అంతే."

"ఆ బీబీ పేరు వెట్టకు" అంది.

"ఏ పేరూ పెట్టను."

"నేనైతే రాను సూడనీకె" అంది. జామపళ్లు మాత్రం తీసుకుంది.

తల్లి వేషం అఫ్జల్‌గంజ్ బట్టల కొట్టువాళ్ల అమ్మాయిది. మంచి గొంతు, భయం లేదు. ఒకటే చిక్కు, నేను రాసిన "నాయనా, ఇంకను రావేమి" అన్న మాటలు ఆమె నోట్లో నిలవవు. "ఇంక రాకపోతివేంది" అనేసేది. నేను దిద్దడం, ఆమె "ఔ టీచర్" అనడం, మళ్లీ అదే అనడం. కథ చిన్నది. పొద్దుటి నుంచి రాత్రి దాకా తల్లి ఇంట్లో ఎదురుచూస్తుంది, ఇరుగుపొరుగులు వచ్చి తలా ఒక పుకారు చెబుతారు, ఆమె అన్నం వండి మూత పెడుతుంది. ఆఖరున తలుపు చప్పుడవుతుంది. ఆమె లేచి ఒక అడుగు వేయగానే తెర పడాలి. తలుపు తీస్తే అవతల ఎవరో ఒకరు ఉండాలి కదా, ఎవరున్నా తప్పే. అందుకని తలుపు తీయకుండా ముగించాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

ఉత్సవం రోజు హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో టోపీలు, షేర్వానీలు, సూట్లు, కండువాలు. ఆపా కుర్చీ ఖాళీ. తాయి, పాత బీరువా తలుపును బిగించి మేం తయారుచేసిన గుమ్మాన్ని వెనక నుంచి పట్టుకుని నిలబడింది. అక్క హార్మోనియం మీద సన్నగా ఏదో వాయిస్తోంది. అంతా సజావుగా సాగింది. పుకార్లు మోసుకొచ్చే పొరుగమ్మలకు జనం పడీ పడీ నవ్వారు. తల్లి అన్నం మీద మూత పెట్టినప్పుడు హాలు నిశ్శబ్దమైంది. తలుపు చప్పుడైంది. పిల్ల లేచింది. అడుగు వేసింది.

తెర పడలేదు. తాడు ఎక్కడో బిగుసుకుంది. బంట్రోతు దానికి వేలాడినంత పని చేస్తున్నాడు. తెర ఉలకదు. పిల్ల తలుపు ముందు కొయ్యబారి, ముందు వరుస పక్కన నిలబడిన నా వైపు చూసింది. తాయి అయోమయంగా మళ్లీ తలుపు కొట్టింది.

అప్పుడు హాలు చివర నుంచి, వాకిలి దగ్గర నిలబడిన వాళ్లలోంచి ఒక గొంతు లేచింది.

"తలుపు తియ్యవే బిడ్డా! గట్ల నిలవడ్తవేంది, తలుపు తియ్యి!"

వెనక్కి చూశాను. నల్లటి బురఖా, మొహం మీద ముసుగు ఎత్తి ఉంది. ఆపా.

టీచరు చెబితే వినాల్సిందే కదా. పిల్ల గడియ తీసింది. తలుపు బార్లా తెరుచుకుంది. అవతల చీకటి తప్ప ఏమీ లేదు. తాయి పక్కకు తప్పుకుంది. పిల్ల ఆ ఖాళీలోకి ఒక క్షణం చూసి, నేను రాసిన నాయనలన్నీ పక్కన పెట్టి, తన అమ్మ మాట్లాడినట్టు మాట్లాడింది.

"వచ్చినవా బిడ్డా? గింత ఆల్శం జేస్తివేంది? పో, కాళ్లు గడుక్క రా. బువ్వ వెడ్త."

అప్పుడు పడింది తెర, దభీమని. చప్పట్లు ఎంతసేపు మోగాయో నేను వినలేదు. వాకిలి దగ్గరికి పరుగెత్తాను. ఆపా లేదు, వెళ్లిపోయింది.

మర్నాడు గంట కొట్టగానే చాప పరిచాం. ఎదుటి గోడ దగ్గర కుర్చీ వైపు ఎవరూ చూడకుండా జాగ్రత్తపడ్డాం. అక్క కళ్లు మూసుకుంది. ప్రార్థన సగంలో ఉండగా పైనుంచి వినిపించింది.

"జర జరుగున్రి."

జరిగాం. ఆపా తన చోట్లో కూర్చుని డబ్బా విప్పింది. "ఇగ సాలు తియ్, తిను" అంది అక్కతో. నా పచ్చడిలో చేయి పెట్టింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను, డబ్బా మొత్తం ఆమె ముందుకు తోశాను. కాసేపయ్యాక, నా వైపు చూడకుండా అడిగింది.

"తలుపు తీసినంక ఆ పిల్లకు ఎవలు కనవడ్డరో అడిగినవా?"

అడిగాను. ఆపా కనిపించక వాకిలి నుంచి తిరిగి వచ్చిన వెంటనే అడిగాను. ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టే ఆపాకు చెప్పాను: "ఎవలు లేరు టీచర్. కని ఉర్దూ టీచరమ్మ గంతగనం మొత్తుకున్నంక, ఎవలు లేరని ఎట్ల జెప్పాలె?"

ఆపా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. తాయి ఆమె భుజం మీద చేయి వేసింది. ఆపా కొంగుతో మొహం తుడుచుకుని, తను కాస్త పక్కకు జరిగి, చాప మీద ఖాళీ చేసిన చోటును అరచేత్తో తట్టింది.

"ఆ పోరిని పిలువు. అన్నం తిన్నదో లేదో."